కుక్కపిల్ల ఏ తరానిది?

మొన్నామధ్య మా తొమ్మిదో తరగతి విద్యార్థి ఒకడు కాగితం ముక్క పట్టుకొని వచ్చాడు. దాని మీద మూడు మాటలు రాసి ఉన్నాయి: ఎఫ్1, ఎఫ్1బి, ఎఫ్2. వాళ్ళింట్లో కుక్కపిల్లను కొనాలనుకుంటున్నారట. అమ్మే ఆయన ‘లాబ్రడూడుల్’ అని పేరు చెప్పి, ఈ మూడింట్లో ఏది కావాలని అడిగాడట. ఒక్కోదానికి ఒక్కో ధర.

“మా చెల్లికి ఉబ్బసం ఉంది మాస్టారూ! ఈ కుక్కలకి బొచ్చు రాలదట. అందుకని ఉబ్బసం ఉన్నవాళ్ళింట్లో కూడా పెంచుకోవచ్చట. ఎఫ్1బి అయితే మరీ మంచిదట. నిజమేనాండీ?” అని అడిగాడు.

చూడటానికి ఇది ఒకే ప్రశ్న. విప్పి చూస్తే ఇందులో మూడున్నాయి. ఎఫ్1, ఎఫ్2 అంటే ఏమిటి? తరాన్ని బట్టి పిల్ల బొచ్చు ఎలా ఉంటుందో ముందే చెప్పగలమా? బొచ్చు రాలని కుక్క ఉబ్బసం ఉన్న పిల్లకు నిజంగా హాని చేయదా? మొదటి రెండింటికీ పదో తరగతి జీవశాస్త్రంలోని మెండెల్ పాఠం చాలు. మూడోదానికి ఇంకొంచెం దూరం వెళ్ళాలి.

ముందు ఆవు సంగతి

కుక్క దగ్గరకు వెళ్ళే ముందు మనకు బాగా తెలిసిన ఆవును చూద్దాం. అనకాపల్లి, చోడవరం వైపు పల్లెల్లో పొద్దున్నే పాలకేంద్రం దగ్గర నిలబడితే జెర్సీ సంకర ఆవుల పాలు పోసే రైతులు ఎందరో కనిపిస్తారు. నాటు ఆవు మన ఎండకు తట్టుకుంటుంది, దొరికిన మేతతో సరిపెట్టుకుంటుంది. కాని పాలు తక్కువ. జెర్సీ పాలు బాగా ఇస్తుంది, ఎండకు మాత్రం తాళలేదు. నాటు ఆవుకు జెర్సీ ఆంబోతు వీర్యంతో చూలు కట్టిస్తే పుట్టే దూడ మొదటి తరం సంకరం. సంతానం అనే అర్థం వచ్చే లాటిన్ మాటలోని మొదటి అక్షరాన్ని తీసుకొని శాస్త్రజ్ఞులు దీన్ని ఎఫ్1 అన్నారు. ఇలా పుట్టిన పెయ్యలు దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. తరచు ఆరోగ్యంలోను, ఎదుగుదలలోను తల్లిదండ్రుల సగటు కంటె ఒక మెట్టు పైన ఉంటాయి. దీన్నే సంకర తేజం అంటారు.

ఇప్పుడు ఒక ఎఫ్1 ఆవును మరో ఎఫ్1 ఆంబోతుతో కలిపితే? పుట్టేది ఎఫ్2. ఇక్కడ తీరు మారిపోతుంది. ఒక దూడ జెర్సీని పోలి ఉంటుంది, మరొకటి నాటు ఆవును పోలి ఉంటుంది, ఇంకొకటి అటూ ఇటూ కాకుండా ఉంటుంది. సంకర తేజం కూడా సుమారు సగానికి తగ్గుతుంది. హైబ్రిడ్ మొక్కజొన్న వేసే రైతు పండిన గింజలనే మళ్ళీ విత్తనంగా వాడుకోకుండా ఏటేటా కొత్త విత్తనం కొనడానికి కారణం కూడా ఇదే. పొలంలో పండిన గింజ ఎఫ్2. దాన్ని విత్తితే ఒక మొక్క ఎత్తు, ఒకటి పొట్టి. ఒక కంకి నిండు, ఒకటి తాలు.

కాబట్టి తరం సంఖ్య పెరిగిందంటే సరుకు మెరుగైందని అర్థం కాదు. ఫోన్ల విషయంలో అయిదో నంబరు కంటె ఆరో నంబరు మంచిదని మనకు అలవాటైపోయింది. ప్రాణుల్లో ఆ లెక్క పనికిరాదు.

లాబ్రడూడుల్ ఎలా వచ్చింది?

ఈ కుక్క కథ ఆస్ట్రేలియాలో మొదలైంది. అక్కడి విక్టోరియా రాష్ట్రంలో అంధులకు దారి చూపే కుక్కలకు తర్ఫీదు ఇచ్చే సంస్థ ఒకటి ఉంది. అందులో కుక్కల సంతానోత్పత్తి చూసే వాలీ కాన్రన్‌కు హవాయి దీవుల నుంచి ఒక కోరిక వచ్చింది. అక్కడ ఒకావిడకు చూపు సరిగా లేదు, దారి చూపే కుక్క కావాలి. కాని ఆమె భర్తకు కుక్కలంటే అలర్జీ. పూడుల్ కుక్కకు బొచ్చు రాలదు కదా, దానికే తర్ఫీదు ఇస్తే పోలా అనుకున్నాడు కాన్రన్. 33 పూడుళ్ళను ప్రయత్నించి చూశాడు. ఒక్కటీ ఆ పనికి కుదరలేదు. చివరకు 1989లో పని నేర్చిన లాబ్రడార్‌ను పెద్ద సైజు పూడుల్‌తో కలిపించాడు.

మూడు పిల్లలు పుట్టాయి. ఇక్కడ కొంచెం జాగ్రత్తగా చదవండి. మూడూ ఒకే తల్లికి, ఒకే తండ్రికి, ఒకే కాన్పులో పుట్టాయి. మూడూ ఎఫ్1లే. వాటి బొచ్చు, లాలాజలం నమూనాలు హవాయికి పంపి ఆ భర్త మీద పరీక్షిస్తే, అలర్జీ రానిది ఒక్కదానితోనే! ఆ ఒక్కదాని పేరు సుల్తాన్. అది వాళ్ళింటికి వెళ్ళింది.

మిగిలిన రెండు పిల్లలనూ ఇంట్లో ఉంచుకొని పెంచి పెద్దచేయడానికి ఎవరూ ముందుకు రాలేదట. సంకరజాతి కుక్క ఎవరికి కావాలి? అప్పుడు కాన్రన్ ‘లాబ్రడూడుల్’ అని కొత్త పేరు పెట్టి ప్రచారం చేయించాడు. అంతే, జనం ఎగబడ్డారు. పేరుకున్న మహిమ అది! తరవాతి కాలంలో ఎవరు పడితే వారు తల్లిదండ్రుల ఆరోగ్యం చూడకుండా ఇలాంటి కుక్కలను పుట్టించి అమ్మడం చూసి ఆయనే బాధపడ్డాడు.

బొచ్చును నడిపే మూడు జన్యువులు

పూడుల్‌కూ లాబ్రడార్‌కూ బొచ్చులో తేడా ఏమిటో ఫోటో చూసి చెప్పవచ్చు. లాబ్రడార్ బొచ్చు కురచ, తిన్నన. మూతి నున్నగా ఉంటుంది. ఏడాది పొడుగునా రాలుతూనే ఉంటుంది, చీపురుకు తీరికుండదు. పూడుల్‌ది పొడవైన ఉంగరాల బొచ్చు. పైగా గడ్డం, మీసాలు, గుబురు కనుబొమలు! పూడుల్ బొచ్చు అసలు రాలదనడం పూర్తిగా నిజం కాదు. కొంచెం రాలుతుంది, రాలినది నేల మీద పడకుండా ఉంగరాల్లోనే చిక్కుకుపోతుంది.

కుక్కల్లో ఇన్ని రకాల బొచ్చులున్నాయంటే వాటి వెనక వందల జన్యువులు ఉంటాయని ఎవరైనా అనుకుంటారు. 2009లో ఎలేన్ ఆస్ట్రాండర్ నాయకత్వంలోని అమెరికా పరిశోధక బృందం 80 జాతులకు చెందిన వెయ్యికి పైగా కుక్కలను పరీక్షించి, ఈ వైవిధ్యంలో చాలా భాగం కేవలం మూడు జన్యువుల కలయికతో వస్తోందని తేల్చింది. ఒకటి గడ్డం మీసాలను, ఒకటి పొడవును, ఒకటి ఉంగరాలను నడుపుతుంది. కుక్కకు 39 జతల క్రోమోసోములున్నాయి. ఈ మూడు జన్యువులూ 13, 32, 27 నంబర్ల క్రోమోసోముల మీద, అంటే వేరువేరు చోట్ల ఉన్నాయి. అందువల్ల ఒకదానితో ఒకటి ముడిపడకుండా పిల్లలకు చేరతాయి. మెండెల్ బఠాణీ మొక్కల్లో చూసిన స్వతంత్ర వ్యూహన సూత్రం మీకు గుర్తుండే ఉంటుంది. అదే ఇది.

లెక్క సులువుగా ఉండటానికి గుర్తులు పెట్టుకుందాం.

గడ్డం జన్యువు: గ అంటే గడ్డం ఉండేది, ల అంటే లేనిది. గ బహిర్గతం. అంటే ఒక్క గ ఉన్నా గడ్డం వస్తుంది.

పొడవు జన్యువు: కు అంటే కురచ, పొ అంటే పొడవు. ఇక్కడ కురచదనం బహిర్గతం. పొడుగు బొచ్చు రావాలంటే రెండూ పొ కావాలి.

ఉంగరాల జన్యువు: ఉ అంటే ఉంగరాలు, తి అంటే తిన్నన. ఇందులో ఏదీ రెండోదాన్ని పూర్తిగా అణచలేదు. ఉతి అయితే మధ్యస్థంగా అలలు అలలుగా వస్తుంది.

శుద్ధ పూడుల్: గగ, పొపొ, ఉఉ.
శుద్ధ లాబ్రడార్: లల, కుకు, తితి.

రెండింటికీ పుట్టిన ఎఫ్1 పిల్లకు తండ్రి నుంచి ఒకటి, తల్లి నుంచి ఒకటి వస్తాయి కనుక ప్రతి పిల్లా గల, కుపొ, ఉతి. అంటే అన్నిటికీ గడ్డం ఉంటుంది. బొచ్చు మరీ పొడవుగా పెరగదు, అలలు తిరిగి కొబ్బరిపీచులా కొంత బిరుసుగా ఉంటుంది. బొమ్మల్లో చూపించే మెత్తటి ఊలు ఉండలాంటి పిల్ల మొదటి తరంలో రావడం కష్టమని ఇక్కడే తెలిసిపోతోంది.

ఎఫ్2లో ఏమవుతుంది?

రెండు ఎఫ్1 కుక్కలను కలిపినప్పుడు గడ్డం జన్యువు ఒక్కదాన్నే చూద్దాం. తల్లి నుంచి గ గాని ల గాని రావచ్చు. తండ్రి నుంచీ అంతే.

తల్లి గ, తండ్రి గ: గగ, గడ్డం ఉంది.
తల్లి గ, తండ్రి ల: గల, గడ్డం ఉంది.
తల్లి ల, తండ్రి గ: గల, గడ్డం ఉంది.
తల్లి ల, తండ్రి ల: లల, గడ్డం లేదు.

నాలుగింట ఒక వంతు పిల్లలకు గడ్డం ఉండదు. గడ్డం లేని పిల్ల మూతి లాబ్రడార్ మూతిలాగే నున్నగా ఉంటుంది, బొచ్చు కూడా ఇంచుమించు లాబ్రడార్‌లాగే రాలుతుంది. (రాలడంలో మరో జన్యువుకు కూడా భాగం ఉందని తరవాత తేలింది. మన లెక్కకు ఈ మూడు చాలు.)

ఒక కాన్పులో 8 పిల్లలు పుట్టాయనుకుందాం. వాటిలో ఒక్కటి కూడా గడ్డం లేనిది లేకుండా ఉండే సంభావ్యత ఎంత? ఒక పిల్లకు 3/4. ఎనిమిదింటికీ 3/4ను ఎనిమిదిసార్లు గుణించాలి. వచ్చేది సుమారు 0.1. అంటే పది కాన్పుల్లో ఒక్కదాంట్లోనే అన్నీ గడ్డం పిల్లలు. మిగిలిన తొమ్మిదింటిలో కనీసం ఒక్కటైనా బాగా బొచ్చు రాలే పిల్ల ఉంటుంది. అది ఎవరింటికి చేరుతుందో వాళ్ళకు మాత్రం “రాలదు” అనే చెప్పి అమ్ముతారు.

దీన్ని లెక్కతోనే నమ్మనక్కరలేదు. రెండు రూపాయి బిళ్ళలు తీసుకోండి. ఒకటి తల్లి, ఒకటి తండ్రి. బొమ్మ పడితే గ, బొరుసు పడితే ల. రెండూ కలిపి ఒకసారి ఎగరేస్తే ఒక పిల్ల. ఎనిమిదిసార్లు ఎగరేస్తే ఒక కాన్పు. తరగతిలో 40 మంది ఉంటే 40 కాన్పులు అవుతాయి. బొరుసు-బొరుసు ఒక్కసారి కూడా పడని కాన్పులు ఎన్నో చేతులెత్తించి లెక్కపెట్టండి. నాలుగుకు అటూ ఇటూగా ఉండాలి. రెండే రావచ్చు, ఏడూ రావచ్చు. అలా వస్తే మెండెల్ తప్పని తొందరపడకండి. మళ్ళీ ఇంకో 40 వేయించి రెండూ కలిపి చూడండి.

ఇప్పుడు మూడు జన్యువులనూ కలిపి చూద్దాం. ఊలు ఉండలాంటి పిల్ల కావాలంటే గడ్డం ఉండాలి, బొచ్చు పొడవుగా ఉండాలి, నిండు ఉంగరాలు ఉండాలి. ఎఫ్2లో గడ్డానికి 3/4, పొడవుకు 1/4, నిండు ఉంగరాలకు 1/4. గుణిస్తే 3/64. సుమారు 21 పిల్లల్లో ఒకటి!

ఎఫ్1బి అంటే?

‘బి’ అంటే వెనక్కి. ఎఫ్1 కుక్కను మళ్ళీ శుద్ధ పూడుల్‌తో కలిపితే పుట్టేది ఎఫ్1బి. మన పాఠ్యపుస్తకాల్లో దీన్ని పశ్చ సంకరణం అంటారు. పూడుల్ నుంచి వచ్చేది ఎప్పుడూ గ, పొ, ఉ మాత్రమే. కాబట్టి ఎఫ్1బి పిల్లలన్నిటికీ గడ్డం ఖాయం. సగం పిల్లలకు పొడుగు బొచ్చు, సగం పిల్లలకు నిండు ఉంగరాలు. రెండూ కలిసినవి 1/4, అంటే 16/64. ఎఫ్2లోని 3/64తో పోల్చి చూడండి. అయిదు రెట్లకు పైనే. అమ్మే ఆయన ఎఫ్1బికి ఎక్కువ ధర చెప్పడానికి కారణం ఇదే. బొచ్చు మేరకు ఆయన మాటలో నిజం ఉంది.

‘పూడుల్ వంతు’ అని కూడా కొందరు శాతాలు చెబుతారు. ఎఫ్1లో 50, ఎఫ్1బిలో 75, ఎఫ్2లో మళ్ళీ 50. ఎఫ్1 విషయంలో ఇది ప్రతి పిల్లకూ వర్తిస్తుంది. ఎందుకంటే ప్రతి క్రోమోసోము జతలోనూ ఒకటి అటు నుంచి, ఒకటి ఇటు నుంచి వచ్చింది. ఎఫ్2లో 50 అన్నది సగటు మాత్రమే. ఒక పిల్లలో పూడుల్ వంతు తక్కువ ఉండవచ్చు, దాని పక్కన పాలు తాగుతున్న పిల్లలో ఎక్కువ ఉండవచ్చు. తరగతి సగటు మార్కులు 50 అంటే అందరికీ 50 వచ్చాయని కాదు గదా!

ఎఫ్2బి, ‘బహుళ తరం’ వంటి పేర్లు కూడా వాడుకలో ఉన్నాయి. వాటిని ఒక్కొక్కరు ఒక్కో అర్థంలో వాడుతున్నారు. అందుచేత కాగితం మీది పేరు కంటె తల్లిదండ్రుల జన్యువులను అడగడం మేలు. చెంప లోపల దూదిపుల్లతో తుడిచి తీసిన నమూనా చాలు, ఈ మూడు జన్యువులూ పరీక్షలో తెలిసిపోతాయి. తల్లిదండ్రుల్లో ఒకటి గగ అని తేలితే, ఆ కాన్పుకు ఏ పేరు పెట్టినా సరే, ప్రతి పిల్లకూ గడ్డం ఉంటుంది. చూశారా, ఇక్కడ తరం లెక్కలోకే రాలేదు.

బొచ్చు వేరు, అలర్జీ వేరు

ఇక అసలు ప్రశ్న, చెల్లి ఉబ్బసం సంగతి. కుక్క వల్ల అలర్జీ వచ్చేవారికి పడనిది బొచ్చు కాదు, కొన్ని ప్రోటీన్లు. అవి కుక్క లాలాజలంలోను, చర్మం పొట్టులోను ఉంటాయి. వాటిలో ముఖ్యమైనదాన్ని ‘కాన్ ఎఫ్ 1’ అంటారు. (ఈ ‘ఎఫ్’ వేరు. కుక్క శాస్త్రీయ నామమైన కానిస్ ఫమిలియారిస్ నుంచి వచ్చింది. తరంతో దీనికి సంబంధం లేదు.) కుక్క తన ఒంటిని నాకుతుంది, లాలాజలం ఆరిపోతుంది, పొట్టు రాలుతుంది. ఆ సూక్ష్మమైన రేణువులు గాలిలో గంటల తరబడి తేలుతూ ఉంటాయి. బట్టలకు అంటుకొని కుక్కలు లేని ఇళ్ళకు, పాఠశాలలకు కూడా చేరతాయి. బొచ్చు వాటిని మోసే వాహనం మాత్రమే. వాహనాలు తగ్గితే సరుకు తయారీ ఆగిపోతుందా?

ఆగిపోతుందో లేదో శాస్త్రజ్ఞులు కొలిచి చూశారు. 2011లో అమెరికాలోని డెట్రాయిట్ పరిశోధకులు కుక్కలున్న 173 ఇళ్ళలో దుమ్ము సేకరించారు. ‘అలర్జీ కలిగించవు’ అని పేరున్న జాతుల ఇళ్ళలోను, మామూలు జాతుల ఇళ్ళలోను ఈ ప్రోటీన్ మోతాదులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 2012లో నెదర్లాండ్స్ పరిశోధకులు కుక్కల బొచ్చునే తీసి పరీక్షించారు. పూడుల్, లాబ్రడూడుల్ వంటి ‘మంచి పేరున్న’ కుక్కల బొచ్చులో ఆ ప్రోటీన్ మిగతా కుక్కల బొచ్చులో కంటె ఎక్కువే ఉంది! లాబ్రడూడుల్ ఉన్న ఇళ్ళలో నేల మీది దుమ్ములో కొంత తక్కువ ఉన్న మాట నిజమే. కాని మనం పీల్చేది గాలిని. ఇళ్ళలోని గాలిలో తేడా లేదు.

అయితే సుల్తాన్ ఎలా పనికొచ్చింది? ఆ కుక్క ఆ మనిషికి పడింది, అంతే. శుద్ధజాతి అని మనం పిలిచే కుక్కలు మెండెల్ బఠాణీల్లా అన్ని జన్యువుల్లోనూ శుద్ధమైనవి కావు. బొచ్చు జన్యువుల్లో ఒకేలా ఉన్న తోబుట్టువులు వేల ఇతర జన్యువుల్లో తేడాగా ఉంటాయి. మనుషుల్లోనూ ఒకరికి ఒక ప్రోటీన్ పడదు, మరొకరికి ఇంకొకటి పడదు. ‘కాన్ ఎఫ్ 5’ అనే ప్రోటీన్ మగకుక్కల ప్రోస్టేట్ గ్రంథిలో తయారవుతుంది. ఆ ఒక్కటే పడని మనిషికి ఆడకుక్కతో ఇబ్బంది రాకపోవచ్చు. అలాంటివారికి కుక్క ఆడా మగా అన్నది అడగాలి గాని, ఎఫ్1బి అవునా కాదా అని అడిగి ప్రయోజనం ఏముంది?

అందుకని ఆ కుర్రవాడికి నేను చెప్పింది ఇది: ముందు చెల్లిని వైద్యుడికి చూపించండి. ఆమెకు పడనిది కుక్కేనో, లేక మన సముద్రతీరపు తేమలో పరుపుల్లో పెరిగే దుమ్ము పురుగులో, బొద్దింకలో అలర్జీ పరీక్షలో తెలుస్తుంది. కుక్క ప్రోటీన్లు పడవని తేలితే ఏ తరం కుక్కా వద్దు. పడతాయని తేలినా, కొనబోయే కాన్పు తల్లి దగ్గరకు ఆమెను వైద్యుడి సలహా మీద ఒకసారి కాదు, కొన్నిసార్లు తీసుకెళ్ళి కొన్ని గంటలు గడపనివ్వండి. ఆరు నెలలు ఇంట్లో పెరిగిన కుక్కను ఆ తరవాత బయటకు పంపాల్సి వస్తే దానికీ చెల్లికీ కూడా అన్యాయమే.

రెండు జాతులకూ ఉన్న జబ్బు

“సంకరజాతి కదా, జబ్బులు రావు” అని కూడా అమ్మేవాళ్ళు అంటుంటారు. సంకర తేజం సంగతి ముందే చెప్పుకున్నాం. ఒక జాతిలో దాగి ఉన్న అంతర్గత దోషాన్ని రెండో జాతి మంచి జన్యువు కప్పిపెడుతుంది. మరి రెండు జాతుల్లోనూ అదే దోషం ఉంటే?

సరిగ్గా అలాంటిదే ఒకటుంది. కంటిలోని రెటీనా మెల్లమెల్లగా నశించి, మొదట రాత్రిపూట, తరవాత పగలు కూడా చూపు పోయే జబ్బు అది. దానికి కారణమైన జన్యుదోషాన్ని 2006లో గుర్తించారు. అది లాబ్రడార్లలోను, పూడుళ్ళలోను ఉంది. (సరిగ్గా అదే మార్పు అలాంటి కంటిజబ్బు ఉన్న ఒక మనిషిలోనూ కనిపించింది!) అది అంతర్గతం. తల్లి, తండ్రి ఒక్కో దోషాన్ని మోస్తూ పైకి ఆరోగ్యంగానే ఉంటాయి. పిల్లల్లో నాలుగింట ఒక వంతుకు జబ్బు వస్తుంది, ఎఫ్1 అయినా సరే. ఇది కూడా పరీక్షలో తేలిపోతుంది. తల్లిదండ్రుల్లో ఒకదానికి దోషం లేదని తెలిస్తే చాలు, పిల్లలకు ఆ జబ్బు రాదు. ఇంటికి బొచ్చు బాగున్న కుక్క ఎంత అవసరమో కళ్ళు బాగున్న కుక్క అంతకంటె అవసరం. నన్నడిగితే మొదట అడగవలసిన కాగితం ఇదే.

ఇంగ్లండులోని రాయల్ వెటర్నరీ కాలేజీ పరిశోధకులు 2024లో 9 వేలకు పైగా కుక్కల ఆరోగ్యాన్ని పోల్చారు. లాబ్రడూడుల్ వంటి మూడు రకాల పూడుల్ సంకరాలను వాటి మూలజాతులతో పోలిస్తే, నూటికి 86కు పైగా పోలికల్లో తేడా లేదు. మిగతావాటిలో కొన్నిటిలో సంకరాలు మెరుగు, కొన్నిటిలో మూలజాతులు మెరుగు.

మన ఊరి ఎండ, తేమ

విశాఖపట్నంలో పెంచే కుక్కకు ఇంకో చిక్కుంది. మనకు ఒళ్ళంతా చెమట పడుతుంది, అది ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. కుక్కకు చెమట దాదాపు పాదాల అడుగునే. అది నోరు తెరిచి రొప్పుతూ నాలుక మీది, శ్వాసనాళంలోని తడిని ఆవిరి చేసి చల్లబడుతుంది. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే తడి ఆరదు. మే నెలలో మన బట్టలు తాడు మీద ఎంతసేపు ఆరతాయో మీకు తెలుసు. ఆ ఉక్కలో ఊలులాంటి బొచ్చున్న కుక్క రొప్పీ రొప్పీ అలసిపోతుంది, ఒక్కొక్కసారి వడదెబ్బ తగులుతుంది.

రాలని బొచ్చు పెరుగుతూనే ఉంటుంది. రోజూ దువ్వకపోతే జడలు కడుతుంది. రామకృష్ణా బీచ్‌లో ఒకసారి ఉప్పునీళ్ళలో దొర్లిందంటే మంచినీళ్ళతో కడిగి, వేళ్ళతో విప్పి, పూర్తిగా ఆరబెట్టాలి. లేకపోతే అడుగున చర్మం పాసిపోతుంది. కొన్ని వారాలకొకసారి కత్తిరించాలి. అందుకు డబ్బు, ఓపిక రెండూ కావాలి. ఊడ్చే పని తప్పిందని సంతోషించే ఇంట్లో దువ్వే పని ఎవరిదో ముందే తేల్చుకోవాలి. మీరైతే “నేనే దువ్వుతా”నని అంటారు, నాకు తెలుసు. పరీక్షల నెలలో కూడానా?

బొచ్చు ఒక్కటే చూస్తే ఎఫ్1బి ఖచ్చితం, తరవాత ఎఫ్1. ఎఫ్2 కొనాలంటే తల్లిదండ్రుల జన్యుపరీక్ష చూడాలి. కొనేవారు మరో సంగతి గుర్తుంచుకోవాలి. మన దేశంలో 2017లో వచ్చిన నియమాల ప్రకారం కుక్కలను పుట్టించి అమ్మేవారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర నమోదు చేసుకోవాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. తల్లిని చూపించని చోట కొనకండి. పిల్లను తెచ్చాక సందేహాలుంటే పశువైద్యుణ్ణి అడగండి. విజయనగరం వైపు ఉన్నవాళ్ళకు గరివిడిలో పశువైద్య కళాశాలే ఉంది.

అసలు ఈ తరాల గొడవ వద్దనుకునేవారికి మన ఊరి కుక్కే ఉంది. కురచ బొచ్చు, మన ఎండకు అలవాటు పడిన ఒళ్ళు. బొచ్చు కొంచెం రాలుతుంది, నిజమే. నగరంలో విశాఖ సొసైటీ ఫర్ ప్రొటెక్షన్ అండ్ కేర్ ఆఫ్ యానిమల్స్ వంటి సంస్థలు దిక్కులేని కుక్కలను చేరదీస్తున్నాయి. అలాంటి చోటికి వెళ్ళి అడిగితే ధర మాట రాదు. అలర్జీ నియమం మాత్రం దానికీ ఒకటే.

చివరగా మీకో లెక్క. లాబ్రడార్‌కు బదులు గోల్డెన్ రిట్రీవర్‌ను తీసుకోండి. దానికి గడ్డం లేదు, బొచ్చు తిన్నన, కాని పొడవు. అంటే లల, పొపొ, తితి. దీన్ని పూడుల్‌తో కలిపితే వచ్చే ఎఫ్1 పిల్లల బొచ్చు ఎలా ఉంటుంది? ఎఫ్2లో గడ్డం, పొడవు, నిండు ఉంగరాలు మూడూ ఉన్న పిల్లలు ఎన్నో వంతు? చేశాక కింద చూడండి.

జవాబు: ఎఫ్1 అన్నీ గడ్డంతో, పొడవైన అలల బొచ్చుతో ఉంటాయి. ఎఫ్2లో అన్నీ పొపొలే కనుక పొడవును గుణించనక్కరలేదు. 3/4ను 1/4తో గుణిస్తే 3/16.